పిల్లికూతలు వినపడని ఛాతీ

నా నౌకరీ మొత్తంలో రెండు పార్టీల వాళ్లూ నన్ను ఒకే రోజు తిట్టిన సందర్భం ఒకటుంది. ఆ రోజు నేను చేసిన పనికి ఇంతవరకూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఇప్పుడు రాస్తున్నదీ సంజాయిషీ కాదు. ఛాతీ వైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మొన్న ఒక సమావేశంలో నా చుట్టూ చేరి, ఈ కొత్త ఇంజెక్షన్లు లేని రోజుల్లో ఉబ్బసానికి ఏం చేసేవారు మేడమ్ అని అడిగారు. మందుల సంగతి అక్కడే చెప్పాను. మందు రాసి ఇచ్చాక కూడా డాక్టరు చేయాల్సిన పని ఇంకా ఉండేదని చెప్పబోయేసరికి భోజనాలకు పిలిచారు. ఆ మిగిలిన మాట ఇది.

నేను పుట్టింది జమ్మలమడుగులో. పనిచేసింది చాలావరకు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్యే. ఇది ఆ మూడూళ్లలో ఏ ఊరి ఆసుపత్రిలో జరిగిందని అడగకండి. అడిగినా చెప్పను. ఊరికొక పెద్దమనిషి, ఆయనకొక శత్రువు, ఇద్దరికీ చెరొక పార్టీ జెండా ఉన్న కాలం. బాంబు దెబ్బలు తిని వచ్చినవాళ్లను ఒకే వార్డులో ఈ కొసన కొందరినీ ఆ కొసన కొందరినీ పడుకోబెట్టి, మధ్యలో కుర్చీ వేసి పోలీసును కూర్చోబెట్టేవాళ్లం. అట్లాంటి ఆసుపత్రిలో రాజు ఎవరంటే సర్జను. నా గది వరండా చివర, మందుల స్టోరు పక్కన. నా దగ్గరికి వచ్చేది పత్తి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు, బండల పాలిష్ ఫ్యాక్టరీల కూలీలు, గొర్రెల మందల వెనక తిరిగి తిరిగి దుమ్ము మింగిన కాపర్లు. వాళ్ల వెనక జీపులు రావు. ఎవరూ మంత్రికి ఫోన్లు చేయరు.

వాళ్లతో నాది ఒకటే గొడవ. ఆయాసం వచ్చినప్పుడు పరిగెత్తుకొస్తారు, తగ్గగానే మాయమైపోతారు. కూత ఆగితే జబ్బు పోయిందనుకుంటారు. డాక్టర్లలోనూ సగం మంది అంతే. అది తప్పని ఆ రోజులకే తెలుసు. ఊపిరి గొట్టాల లోపలి పొరకు దుమ్మో ధూళో తగలగానే అక్కడి కణాలు కొన్ని ప్రొటీన్లను వదులుతాయి. సైటోకైన్లంటాం. అవి ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లు. ఒక కబురు ఎముక మజ్జ దాకా పోయి ఇసినోఫిల్ అనే తెల్లకణాలను రప్పిస్తుంది. ఒకటి జిగురు ఊరమంటుంది. ఇంకొకటి అలర్జీని పెంచే యాంటీబాడీలను తయారుచేయిస్తుంది. గొట్టం గోడ లోపల్లోపలే వాచిపోతుంది. పిల్లికూతలు మనకు వినపడేది అన్నీ అయ్యాక, చివర్లో. నీలం పంపు, అంటే నీలిరంగు ఇన్‌హేలరు, పీలిస్తే గొట్టం చుట్టూ బిగుసుకున్న కండరం వదులవుతుంది, ప్రాణం లేచొస్తుంది. కానీ కబుర్లు ఆగవు. వాటిని అణిచేది స్టెరాయిడ్ ఉన్న రెండో పంపు. దాన్ని పీల్చగానే ఏ తేడా తెలియదు కాబట్టి ఎవరూ వాడరు. ఇప్పుడు మీరిచ్చే ఖరీదైన ఇంజెక్షన్లు ఆ కబుర్లలో ఒకదాన్ని ఎంచుకుని దారిలోనే పట్టేస్తాయి. మేము వాటి పేర్లను పత్రికల్లో చదివి, తర్వాత నీలం పంపు కూడా కొనుక్కోలేని మనిషి ముందు కూర్చునేవాళ్లం.

అట్లాంటి పెద్దమనుషుల్లో ఒకాయన మొదటిసారి నా గదికి వచ్చింది మధ్యాహ్నం, ఓపీ అయిపోయాక. వెనక గేటులోంచి తువ్వాలు మొహానికి అడ్డం కప్పుకుని వచ్చాడు. మనుషులను బయట నిలబెట్టి తలుపు తానే వేశాడు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన పేరు చెబితే లేచి నిలబడేవి. కూర్చోగానే తువ్వాలు తీశాడు, ఛాతీలోంచి కూత నాకు బల్ల ఇవతలికి వినపడింది.

"ఈ సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండాలమ్మా," అన్నాడు. "దమ్ము లేనోని యెనకాల ఎవుడు నడుస్తాడు?"

జబ్బుకు సిగ్గేమిటన్నాను. రెండు పంపులూ ఇచ్చి, ఏది ఎందుకో చెప్పాను. తలూపాడు. తర్వాత తెలిసింది, నీలం పంపు ఒక్కటే వాడాడని. రెండోది పనిచేయడం లేదని పారేశాడట. ఈ విషయంలో మాత్రం ఆయనకూ బండల ఫ్యాక్టరీ కూలీకీ తేడా లేదు.

మా ఆసుపత్రిలో అప్పుడు ఒక హెడ్ నర్సు ఉండేది. పులివెందుల వైపు పల్లె ఆమెది. తక్కువ మాట్లాడేది. ఎండిపోయిన ముసలి చేతుల్లో కూడా నరం దొరికించగలదు. ఒక ఏడాది ఆమె ఊరి దేవర్ల జాతరకని పుట్టింటికి పోయినప్పుడు, ఆమె అన్నను నడిబజారులో బాంబులేసి చంపారు. చంపినవాళ్లు ఆ పెద్దమనిషి మనుషులు. కొంచెం దూరంలో జీపులో కూర్చుని ఉన్న ఆయనను ఆమె కళ్లారా చూసింది. స్టేషనుకు పోయి చూసింది చూసినట్టే చెప్పింది. ఆయన పార్టీ అధికారంలో ఉన్నంతకాలం ఆ కేసు కదల్లేదు. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కేసూ కదిలింది, ఆయనను అరెస్టు చేశారు.

జైలుకు పోయిన ప్రతి నాయకుడికీ గుండెనొప్పి వచ్చేది ఆ రోజుల్లో. ఆసుపత్రిలో ప్రత్యేక గది, ఇంటి నుంచి కోడికూర, మంచం చుట్టూ మనుషులు. కాబట్టి ఈయన ఆయాసమనగానే అందరూ నవ్వారు. నవ్వడంలో తప్పులేదు. జైలు వాళ్లు మా సూపరింటెండెంటును పిలిపించారు. ఆయన పదవీ విరమణకు దగ్గరగా ఉన్న మంచివాడు, పిరికివాడు. ఏ సంగతి తీసుకుపోయినా "మనకెందుకమ్మా" అనేవాడు. స్టెతస్కోపు పెట్టి చూసి, ఛాతీ క్లియర్‌గా ఉందని రాసి వచ్చాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఖైదీ మనుషులు ఒక సెంట్రీని మంచి చేసుకుని నీలం పంపు లోపలికి పంపుతున్నారు. డాక్టరు వచ్చే ముందు ఆయన దాన్ని పీల్చాడు. కూత ఆగింది.

తర్వాత సెంట్రీ మారాడు. కొత్తవాడు సోదా చేసి పంపు లాక్కున్నాడు. ఖైదీని ఉంచిన గది పక్కనే పాత గోనెసంచుల గోడౌను. రోజంతా ఆ దుమ్ము లోపలికి వస్తూనే ఉంది. కబుర్లను అణిచే మందు లేదు, గొట్టాన్ని వదులు చేసే మందూ లేదు. ఒక మిట్టమధ్యాహ్నం ఆయనను పోలీసు వ్యానులో మా క్యాజువాలిటీకి తెచ్చారు.

నేను పోయేసరికి డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని తిరిగి వస్తున్నాడు. "చెస్ట్ క్లియర్ మేడమ్. ఒక్క కూత కూడా లేదు. యాక్షన్," అన్నాడు.

ఆ మనిషిని చూశాను. పెదవులు నల్లబడి ఉన్నాయి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. రెండు చేతులూ మంచం అంచుకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం పెనుగులాడుతున్నాడు. ఒక్క మాట పలకలేకపోతున్నాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టాను. ఏమీ వినపడలేదు. పిల్లలూ, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. గాలి కదిలితేనే కదా కూత పుట్టేది. ఉబ్బసం రోగి ఛాతీలో నిశ్శబ్దం కన్నా భయపెట్టేది నా వృత్తిలో ఇంకేదీ లేదు.

ఆక్సిజన్ పెట్టమని అరిచాను. మందుల ట్రే పట్టుకుని వచ్చింది ఆ హెడ్ నర్సు. మంచం మీద ఉన్నదెవరో చూసింది. నేనూ ఆమెనే చూశాను. క్యాజువాలిటీలో ఉన్న వాళ్లందరికీ కథ తెలుసు కాబట్టి అందరూ ఆమెనే చూశారు. నువ్వు పక్కకు పో సిస్టర్, ఇంకొకరిని పిలుస్తానన్నాను.

"ఈయనకు ఇప్పుడు నరం దొరికిచ్చేది ఈడ నేనొక్కదాన్నే మేడమ్," అంది. "నేను పక్కకు పోతే ఈయన పోతాడు."

అది నిజం. రక్తనాళాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆమె ఆ చేతిని తన ఒడిలోకి తీసుకుని వేళ్లతో తడిమింది. ఒకే పోటుకు సూది దించింది. నేను చెప్పిన మందులు నేను చెప్పిన వరసలో, తొందరపడకుండా ఎక్కించింది.   ఆయన చచ్చిపోతే ఆమె చంపిందంటారు, నాకది తెలుసు. ఆమెకూ తెలుసు.

చాలాసేపటికి స్టెతస్కోపులో సన్నగా ఒక కూత మొదలైంది. తర్వాత ఛాతీ నిండా పిల్లికూతలు. నాకు ప్రాణం లేచొచ్చింది. డ్యూటీ డాక్టరును పిలిచి వినమన్నాను. ఇంతకుముందు క్లియర్‌గా ఉన్న ఛాతీ మందు వేశాక ఎందుకు కూస్తోందో ఆలోచించమన్నాను. అతను మొహం ఎర్రబడి తల వంచుకున్నాడు. తర్వాత మంచి డాక్టరయ్యాడు.

సాయంత్రానికి ఆయన మాట్లాడగలిగాడు. సెలైన్ మారుస్తున్న నర్సును గుర్తుపట్టి, నువ్వు ఫలానా వాని చెల్లెలివి కదా అన్నాడు.

"అవునప్పా," అంది ఆమె సెలైన్ చుక్కలు సరిచేస్తూ. "మాట్లాడద్దు, మళ్లా దమ్మొస్తాది."

మర్నాడు ఆయన కళ్లెను స్లైడు మీద వేసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద నేనే చూశాను. ఎర్రటి రవ్వలు నింపుకున్న ఇసినోఫిల్ కణాలు మందలు మందలుగా ఉన్నాయి. వాటిని ఎవరూ నటించి చూపించలేరు.

ఆయనను జైలుకు పంపాలా, ఆసుపత్రిలో ఉంచాలా, బెయిలు ఇవ్వాలా అని మేజిస్ట్రేటు కోర్టులో వాదన మొదలైంది. నన్ను రమ్మన్నారు. దానికి ముందే నా గదికి ఇద్దరు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. అధికార పార్టీ మనిషి, జబ్బు లేదు గిబ్బు లేదని చెప్పి ఊరుకోండమ్మా అన్నాడు. పెద్దమనిషి తమ్ముడు, జైల్లో ఉంటే చచ్చిపోతాడని చెప్తే చాలమ్మా అన్నాడు. ఇద్దరూ మర్యాదగానే అడిగారు. ఇద్దరూ పోయేటప్పుడు మా అమ్మ జమ్మలమడుగులో ఏ వీధిలో ఉంటుందో తమకు తెలుసన్నారు. మా ఇంటికి దారి బాగానే తెలిసిందే, ఎప్పుడన్నా పోతే కాఫీ తాగి రండి అని ఇద్దరికీ ఒకే మాట చెప్పాను.

కోర్టు కిక్కిరిసింది. ప్రభుత్వ ప్లీడరు లేచి, మీ సూపరింటెండెంటు చూసినప్పుడు ఛాతీ క్లియర్‌గా ఉంది, మీరేమో ప్రాణం మీదికి వచ్చిందంటున్నారు, ఎవరి మాట నమ్మాలి అన్నాడు.

"ఇద్దరిదీ," అన్నాను.

మేజిస్ట్రేటు వివరంగా చెప్పమన్నాడు. తెలుగులోనే చెప్పాను. కూత లేనప్పుడు కూడా ఊపిరి గొట్టాల్లో కణాలు కబుర్లు పంపుకుంటూనే ఉంటాయి, వాపు పెరుగుతూనే ఉంటుంది, చెవికి వినపడదు, మైక్రోస్కోపుకు కనపడుతుంది అని. సూపరింటెండెంటు నా వెనకే కూర్చుని ఉన్నాడు. మీరేమంటారని మేజిస్ట్రేటు ఆయనను అడిగాడు. మనకెందుకమ్మా అనే మనిషి లేచి నిలబడి, నేను ఆ రోజు విన్నది ఛాతీని సార్, జబ్బును కాదు, ఆమె చెప్పిందే సరి అన్నాడు. కూర్చుని మొహం తుడుచుకున్నాడు.

ఖైదీ వకీలుకు హుషారొచ్చింది. అయితే ఈయన జైల్లో ఉంటే చనిపోతాడు, అంతేనా డాక్టరమ్మా అన్నాడు.

"మందు ఇవ్వకపోతే ఇంట్లో ఉన్నా చనిపోతాడు. మందు ఇస్తే జైల్లో ఉన్నా బతుకుతాడు," అన్నాను.

సరిగ్గా అప్పుడు బోనులో దగ్గు మొదలైంది. పెద్దమనిషి ఛాతీ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు. మనుషులు లేచి నిలబడ్డారు. ఎవరో నీళ్లు తెచ్చారు. మేజిస్ట్రేటు కంగారుగా నన్ను చూడమన్నాడు. దగ్గరికి పోయాను. వేళ్ల గోళ్లు, పెదవులు గులాబీ రంగులో ఉన్నాయి. దగ్గుకూ దగ్గుకూ మధ్య తమ్ముడి వైపు చూస్తున్నాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టాను. రెండు వైపులా గాలి హాయిగా ఆడుతోంది. ప్రాణం నిలబెట్టినందుకు నన్ను నెత్తిన పెట్టుకోవాల్సిన మనిషి, ఈ నాటకం అంత అవసరమా అనిపించింది. వెనక్కి వచ్చి నిలబడ్డాను.

"ఆయన జబ్బు నిజం సార్," అన్నాను. "ఈ దగ్గు అబద్ధం."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో ఆయన మొహం మీద నవ్వేవాళ్లు లేరు. దగ్గు మాత్రం ఆగింది.

బెయిలు రాలేదు. గోడౌనుకు దూరంగా ఇంకో గదికి మార్చాలని, రెండు పంపులూ ప్రతిరోజూ జైలు సిబ్బంది ఎదుట వాడించాలని, వారానికొకసారి నేను పోయి చూడాలని ఉత్తర్వు. బయటికి రాగానే అధికార పార్టీ మనిషి, సచ్చేటోన్ని బతికిస్తివి కదమ్మా అని తిట్టాడు. పది అడుగులు వేశానో లేదో పెద్దమనిషి తమ్ముడు ఎదురొచ్చి, ఇంటికి పోయేటోన్ని లోపలేయిస్తివి కదమ్మా అన్నాడు. నేను ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చి నన్ను తిట్టండప్పా, నాకు అర్థమయ్యేట్టుగా అన్నాను. వాళ్లు అన్నేళ్ల తర్వాత అంత దగ్గరగా నిలబడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఒకరినొకరు చూసుకుని, చెరో దిక్కుకు పోయారు.

నాకు బదిలీ ఆర్డరు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కొండాపురం అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. పోయి ఎవరినన్నా బతిమాలుకొమ్మని సలహాలు ఇచ్చినవాళ్లు చాలామంది. ఊపిరి తీసుకునే మనుషులు అక్కడా ఉంటారు కదా అని పోయాను. అక్కడా దుమ్ముంది, ఉబ్బసముంది, కూత ఆగితే జబ్బు పోయిందనుకునే జనముంది. చెప్పిందే చెప్పి, రెండో పంపు వాడించాను. ఆ పల్లెల్లో నాకు పంపుల డాక్టరమ్మ అని పేరొచ్చింది. బిరుదులన్నిటిలో నాకు నచ్చింది అదే.

హత్య కేసు విచారణకు వచ్చినప్పుడు సెలవు పెట్టి పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. ఖైదీ ఆరోగ్యంగా ఉన్నాడు. జైల్లో క్రమం తప్పకుండా మందు పడటం వల్ల ఛాతీ విశాలంగా, మొహం నిండుగా ఉన్నాడు. నడిబజారులో పట్టపగలు జరిగిన హత్యను చూసిన సాక్షులు వరసగా బోనెక్కి, తాము ఆ పొద్దు ఊర్లోనే లేమన్నారు. చచ్చిపోయిన వాని సొంత బావమరిది కూడా అదే మాట అన్నాడు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. వాళ్లు మళ్లీ ఆ ఊరికే పోయి పడుకోవాలి.

చివర్న ఆ నర్సును పిలిచారు. తెల్ల చీర కట్టుకుని వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పింది. జీపు ఎక్కడ నిలిచింది, అందులో ఎవరు కూర్చున్నారు, చెయ్యి ఎట్లా ఊపారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆమె మాట్లాడినంతసేపు ఆయన తల ఎత్తలేదు.

ఖైదీ వకీలు లేచాడు. ఆ రోజు ఆసుపత్రిలో ఈయనకు సూది వేసింది నువ్వేనా అని అడిగాడు. నేనే అంది. నువ్వు వేయకపోతే చచ్చిపోయేవాడా అన్నాడు. పోతాండె అంది. వకీలు కోర్టంతా వినేట్టు అడిగాడు.

"మీ అన్నను చంపించింది ఈయనేనని నిజంగా నమ్మింటే, నీ చేతులతో నువ్వే బతికిస్తావా?"

 ఆమె చేసిన మంచిని తీసుకుని ఆమె మీదికే విసిరాడు. 

"అది నా డ్యూటీ సార్," అంది. "ఇది గూడా నా డ్యూటీనే."

వకీలు కూర్చున్నాడు. ఒక్క సాక్షితో కేసు నిలవలేదు. కొన్నాళ్లకు ఆయనను విడిచిపెట్టారు, పూలదండలతో ఊరేగించారు. ఇవన్నీ మీరు వినే ఉంటారు, మా జిల్లాలో ఇట్లాంటి ఊరేగింపులు చాలా జరిగాయి. సాక్ష్యం చెప్పిన సాయంత్రం కోర్టు బయట ఆమె కొళాయి దగ్గర మొహం కడుక్కుంది. ఇక ఈ ఊర్లో ఉండటం క్షేమం కాదు, బదిలీ పెట్టుకో, తెలిసిన వాళ్లతో నేను మాట్లాడతానన్నాను. ఇన్నేళ్ల పరిచయంలో ఆమె నా మీద విసుక్కోవడం అదొక్కసారే చూశాను.

"నేనెందుకు పోవాల మేడమ్? పోవాల్సినోళ్లు వేరే ఉండారు," అంది.

ఆరు గంటలకు డ్యూటీ ఉందని చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చిన బస్సు ఎక్కేసింది. రిటైరయ్యేదాకా అదే ఆసుపత్రిలో, అదే వార్డులో పనిచేసింది.